7 రోజుల్లో 7 జంతువుల ప్యాకేజీ తీసుకోవాలా? నా జవాబు: వద్దు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డాలస్‌లో ఉంటారు, మూడేళ్ళుగా టెక్సస్‌లో వైట్‌టెయిల్ జింకల వేటకి వెళ్తున్నారు, వచ్చే జూన్‌లో మొదటిసారి ఆఫ్రికా వెళ్ళాలని ఉంది. ఒక అవుట్‌ఫిటర్ (వేట యాత్రలు నడిపేవాడు) 7 రోజుల్లో 7 జంతువుల ప్యాకేజీ ఇస్తానన్నాడు. అది తీసుకోవాలా, సొంత రైఫిల్ పట్టుకెళ్ళాలా, ఎంతవుతుంది, వద్దంటున్న అమ్మకి ఏం చెప్పాలి?

ప్యాకేజీ వద్దండి. నేను హ్యూస్టన్ నుంచి రెండుసార్లు వెళ్ళొచ్చాను: 2023 జూన్‌లో నమీబియా, మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలోని లింపోపో. మొదటిసారి 8 రోజులకి మూడే జంతువులు రాసుకున్నాను: కూడూ, ఓరిక్స్, స్ప్రింగ్‌బాక్. మూడూ జింకల్లాంటివే. అందులో కూడూ ఐదో రోజు సాయంత్రం దాకా దొరకలేదు. బూడిద రంగు ఒళ్ళు, దాని మీద సన్నటి తెల్ల చారలు. ముళ్ళపొదల్లో కదలకుండా నిలబడితే ఎదురుగా ఉన్నా కళ్ళకి ఆనదు. రోజూ తెల్లవారకముందే గుట్ట ఎక్కి, బైనాక్యులర్స్‌తో లోయంతా గాలించి, ఎక్కడో ఒక చెవి కదిలితే గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని చుట్టూ తిరిగి వెళ్ళడం, తీరా చేరేసరికి అక్కడ డెక్కల గుర్తులు తప్ప ఏమీ లేకపోవడం. ఆ నాలుగు రోజులూ నాకు ఇప్పటికీ గంట గంటా గుర్తున్నాయి. 7 రోజుల్లో 7 కొట్టాలంటే ఇలా నడవడానికి తీరికేదీ? బక్కీ (అక్కడ పికప్ ట్రక్కుని అలాగే అంటారు) మీద తిరుగుతూ జాబితాలో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవాలి.

ఇక ఓరిక్స్. ఇది మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీకూ నాలాగే వైట్‌టెయిల్ అలవాటు ఉంది. మనం జింకని జబ్బ వెనక మడత దగ్గర కొడతాం. ఆఫ్రికా జంతువులకి గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకి, ఇంకా కిందకి ఉంటాయి. అది పక్కకి తిరిగి నిలబడ్డప్పుడు ముందు కాలు వెంట నేరుగా పైకి వెళ్ళి, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర గురిపెట్టాలి. మా పీహెచ్ (ప్రొఫెషనల్ హంటర్) ముందు రాత్రే బొమ్మ గీసి మరీ చెప్పాడు. అయినా రెండో రోజు 160 గజాల్లో ఓరిక్స్ కనబడగానే నా చెయ్యి పాత అలవాటుకే పోయింది. తూటా వెనక పడింది.

ఆ తర్వాత నాలుగు గంటలు. ట్రాకర్ (జాడ పట్టేవాడు) ముందు, మేం వెనక. గడ్డిపరక మీద ఆవగింజంత నల్లటి నెత్తురు, డెక్క తగిలి తిరగబడ్డ రాయి, ఇంతే ఆధారం. మూడుసార్లు జాడ పోయింది, మూడుసార్లూ అతను వెనక్కొచ్చి, చివరి చుక్క దగ్గర నిలబడి మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి పీహెచ్ వదిలిన చిన్న టెర్రియర్ కుక్క దాన్ని ఒక పొద దగ్గర ఆపింది. వీపు పొదకి ఆనించి, తల వంచి, ఆ బల్లేల్లాంటి కొమ్ములు కుక్క వైపు పెట్టి నిలబడింది. రెండో తూటాతో పడిపోయింది. ఆ జంతువు అనుభవించిన నాలుగు గంటల నొప్పి నా వల్లే. అందుకే మీకు ఇంత పట్టుబట్టి చెప్తున్నాను.

కాబట్టి ఇప్పటినుంచీ చెయ్యాల్సింది ఒకటే. బెంచీ మీద రైఫిల్ ఆనించి కాల్చడం మానేసి, మూడు కాళ్ళ షూటింగ్ స్టిక్స్ కొనుక్కుని, నిలబడి, 100 నుంచి 200 గజాల్లో సాధన చెయ్యండి. నడిచొచ్చి ఎగశ్వాసలో ఉన్నప్పుడు కూడా కాల్చి చూడండి. లింపోపో వెళ్ళేముందు నేను నాలుగు నెలలు శనివారాలన్నీ దీనికే పెట్టాను. అక్కడ ఇంపాలా (ఇదీ జింకలాంటిదే), వార్ట్‌హాగ్ (అడవి పంది) ఒక్కో తూటాతోనే పడ్డాయి.

రైఫిల్ గురించి. మీ దగ్గరున్న థర్టీ-ఆట్-సిక్స్ (.30-06) రైఫిల్ బ్రహ్మాండంగా సరిపోతుంది. నమీబియా చట్టం తూటాకి ఉండాల్సిన కనీస శక్తి చెప్తుంది: స్ప్రింగ్‌బాక్‌కి 1,350 జూల్స్, కూడూ, ఓరిక్స్ లాంటివాటికి 2,700 జూల్స్. మీది ఆ హద్దు తేలిగ్గా దాటుతుంది. మంచి బాండెడ్ బుల్లెట్ (తగిలాక పై తొడుగూ లోపలి సీసమూ విడిపోనిది) వాడండి. సెమీ ఆటోమేటిక్ మాత్రం పట్టుకెళ్ళొద్దు. బయల్దేరేముందు అమెరికా కస్టమ్స్ ఆఫీసుకి రైఫిల్ తీసుకెళ్ళి 4457 ఫారం మీద ముద్ర వేయించుకోవాలి. నమీబియాలో విండ్‌హుక్ ఎయిర్‌పోర్ట్‌లోనే పర్మిట్ రాసిచ్చారు, అరగంట పని. దక్షిణాఫ్రికాకైతే పోలీసుల ఎస్ఏపీఎస్ 520 ఫారం నల్ల సిరాతో నింపి, సంతకం మాత్రం ఆఫీసర్ ఎదుటే పెట్టాలి. తూటాలు 5 కిలోలు దాటకూడదు. దారిలో విమానం మారే దేశం ట్రాన్సిట్ పర్మిట్ అడగొచ్చు, టికెట్ కొనేముందే ఎయిర్‌లైన్‌ని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. లింపోపోలో నేను క్యాంపు రైఫిల్ అద్దెకి తీసుకున్నాను. ప్రాణం హాయిగా ఉంది, కానీ అలవాటైన ట్రిగర్ కాదు. మొదటిసారి కాబట్టి మీది మీరు తీసుకెళ్ళడమే మంచిది. ఇంకా హెచ్1బీ మీదే ఉంటే ఒక జాగ్రత్త: గడువున్న వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గరుంచుకోవడమే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.

వీసా సంగతి: నమీబియా 2025 ఏప్రిల్ 1 నుంచి అమెరికన్ పాస్‌పోర్ట్‌కి కూడా వీసా పెట్టింది. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే దక్షిణాఫ్రికాకీ వీసా కావాలి.

ఖర్చు. 2023లో నాకైనది చెప్తాను: రోజుకి 400 డాలర్ల చొప్పున 8 రోజులకి 3,200. ట్రోఫీ ఫీజులు (కొట్టిన ఒక్కో జంతువుకీ కట్టేవి) కూడూ 1,900, ఓరిక్స్ 950, స్ప్రింగ్‌బాక్ 450. అంటే 6,500. ట్రాకర్, వంటావిడ, తోలు తీసేవాళ్ళు, పీహెచ్, అందరికీ కలిపి టిప్స్ 700. విమానం వేరు. నేను లెక్కేసుకోనిది కొమ్ములూ తోళ్ళూ శుద్ధి చేయించి ఇంటికి తెప్పించుకోవడం. దానికి ఇంకో 2,000 పైన అయింది, పది నెలలు పట్టింది. ఇంకొకటి: నెత్తుటి చుక్క కనబడిందంటే జంతువు దొరక్కపోయినా పూర్తి ఫీజు కట్టాలి. కాంట్రాక్టులో ఈ వాక్యం వెతికి చదవండి. మీ ప్యాకేజీలో బ్లెస్‌బాక్ ఉంది, పర్వాలేదు. దాని బదులు బాంటెబాక్ ఇస్తామంటే ఒప్పుకోకండి. చూడ్డానికి రెండూ దగ్గరగానే ఉంటాయి గానీ బాంటెబాక్‌ని అమెరికాకి తేవాలంటే ప్రత్యేక పర్మిట్ కావాలి. ఏ ట్రోఫీనైనా ఇండియాలో మీ ఇంటికి పంపే ఆలోచన పెట్టుకోకండి.

అమ్మగారి మాట. మా అమ్మా అదే అడిగింది: "తినడానికి లేకనా నాయనా?" మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట అంటే నేరమే, ఆవిడ బాధలో న్యాయం ఉంది. నేను చూసింది చూసినట్టు చెప్పాను. నమీబియాలో 1975 చట్టం పొలం యజమానులకి తమ భూమిలోని అడవి జంతువుల మీద హక్కు ఇచ్చింది, 1996లో ఉమ్మడి భూముల్లోని ఊళ్ళకీ కన్సర్వెన్సీల (ఊళ్ళవాళ్ళు కలిసి నడిపే వన్యప్రాణి సంఘాల) రూపంలో ఆ హక్కు వచ్చింది. జంతువు వల్ల రాబడి ఉంది కాబట్టే ఆవుల మేతలో దానికీ వాటా వదులుతున్నారు. నేను కొట్టిన ఓరిక్స్ మాంసం ఒక్క ముక్క పారెయ్యలేదు. ఆ రాత్రి మేం తిన్నాం, కాళ్ళూ పేగులూ పనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళాయి, మిగతాది బిల్‌టాంగ్‌గా ఎండబెట్టారు. అమ్మ ఒప్పుకోలేదు, కానీ కూర్చుని మొత్తం విన్నది.

జూన్‌లో వెళ్తున్నారు కదా, తెల్లవారుజామున ఓపెన్ బక్కీలో చలి ఎముకలు కొరుకుతుంది. ఉన్ని టోపీ, చేతి తొడుగులు మర్చిపోకండి. లింపోపో ఎంచుకుంటే మలేరియా మాత్రల గురించి డాక్టర్‌ని అడగండి.

డిపాజిట్ పంపేముందు ఆ అవుట్‌ఫిటర్ దగ్గరికి పోయినేడు వెళ్ళిన ఇద్దరి ఫోన్ నంబర్లు అడిగి తీసుకోండి. ఎన్ని ఇంచుల కొమ్ములు దొరికాయో కాదు, ఎవరైనా జంతువుని గాయపరిచారా, అప్పుడు పీహెచ్ ఎంతసేపు వెతికాడు, మర్నాడు మళ్ళీ వెళ్ళాడా అని అడగండి.