పాఠకుల ప్రశ్నలు, జవాబులు: నల్లగొండలో రాస్తున్న ఆస్ట్రేలియా సెలవుల పాలసీ

ప్రశ్న: నేను నల్లగొండలో ఒక చిన్న ఆఫీసులో హెచ్‌ఆర్ పని చూస్తున్నాను. మెల్‌బోర్న్‌లో రెండు రెస్టారెంట్లు, ఒక క్లీనింగ్ కాంట్రాక్టు నడుపుతున్న మన జిల్లా వారొకరు తమ జీతాల లెక్కలు మాకు అప్పగించారు. ఇప్పుడు అక్కడి సిబ్బందికి సెలవులు, హాజరు పాలసీ కూడా రాసిమ్మంటున్నారు. మా ఆఫీసు పాలసీని ముందు పెట్టుకొని, ఏడాదికి 12 సీఎల్ (క్యాజువల్ లీవు), ప్రొబేషన్‌లో సెలవు లేదు, మూడుసార్లు ఆలస్యమైతే సగం రోజు సెలవు కోత, ఏడాది చివర మిగిలినవి రద్దు అని ముసాయిదా రాశాను. వేలిముద్రల యంత్రం కూడా పెట్టించాలని యజమాని అంటున్నారు. ఇది సరిపోతుందా?
ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: సరిపోదు. మీరు రాసిన నాలుగు నియమాల్లో ఒక్కటి కూడా అక్కడ నిలబడదు. ఆస్ట్రేలియాలో సెలవును ఇచ్చేది పాలసీ కాదు, 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టం. ఆ చట్టంలోని జాతీయ ఉద్యోగ ప్రమాణాలు 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. యజమాని వాటికంటే ఎక్కువ ఇవ్వవచ్చును గాని, ఉద్యోగి సంతకం పెట్టి ఒప్పుకున్నా సరే, తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. వాటిపైన ఒక్కో రంగానికి అవార్డు అనే నిబంధనల పత్రం ఉంటుంది. రెస్టారెంట్లకు ఒక అవార్డు, క్లీనింగ్‌కు మరొకటి వర్తిస్తాయి కాబట్టి మీరు ఒకే పాలసీ రాసినా దానికి రెండు అనుబంధాలు జతచేయక తప్పదు.

సీఎల్ అనే పద్దు అక్కడ లేదు. పెళ్లికైనా, తిరుపతి మొక్కుకైనా, సద్దుల బతుకమ్మకు ఊరికి రావడానికైనా వార్షిక సెలవులోంచే వాడుకోవాలి. అది ఏడాదికి 4 వారాలు. ఒంట్లో బాగా లేకపోయినా, ఇంట్లో వారికి తోడుండవలసి వచ్చినా వాడుకునే వ్యక్తిగత సెలవు 10 రోజులు. ఈ రెండూ పనిలో చేరిన మొదటి రోజు నుంచే పోగవుతాయి కనుక ప్రొబేషన్ షరతు చెల్లదు. మిగిలినవి తర్వాతి ఏడాదికి చేరుతూనే ఉంటాయి కనుక రద్దు షరతూ చెల్లదు. ఉద్యోగం మానేసిన రోజున మిగిలిన వార్షిక సెలవుకు డబ్బు లెక్కగట్టి ఇవ్వాలి, వ్యక్తిగత సెలవుకు మాత్రం సాధారణంగా ఇవ్వనవసరం లేదు. వార్షిక సెలవులో ఉండగా జ్వరం వస్తే ఆ రోజులను వ్యక్తిగత సెలవు కింద మార్చుకునే హక్కు కూడా ఉందని, మన ఆఫీసుల్లో ఎవరూ ఊహించని ఆ మాటను, పాలసీలో ఒక వాక్యంగా రాయండి.

లెక్కలో పొరపాటు జరిగేది రోజు అనే మాట దగ్గర. వారానికి మూడు రోజులు, రోజుకు 12 గంటల చొప్పున 36 గంటలు పనిచేసే వంటమనిషికి 10 రోజులంటే 120 గంటలా అన్న ప్రశ్న వస్తుంది. ఇలాంటి 12 గంటల షిఫ్టుల వివాదమే హైకోర్టు అని పిలిచే అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. ఏడాదిలో చేసే మామూలు పని గంటల్లో 26వ వంతే ఆ 10 రోజులకు అర్థమని 2020 ఆగస్టులో తీర్పు వచ్చింది. ఆ ప్రకారం మన వంటమనిషికి 72 గంటలు, వారానికి 38 గంటలు చేసేవారికి 76 గంటలు, 19 గంటలు చేసే పార్ట్‌టైమ్ వారికి 38 గంటలు వస్తాయి. అందుకే మీ రిజిస్టరులో రోజుల గడి తీసివేసి గంటల గడి పెట్టండి.

ఇక ఆలస్యం సంగతి. పనిచేయని ఇరవై నిమిషాలకు జీతం ఇవ్వకపోవచ్చు, కాని దానికి జరిమానాగా సగం రోజు జీతమో సెలవో కోయడానికి చట్టం ఒప్పుకోదు, ఎందుకంటే వార్షిక సెలవు మామూలుగా ఇద్దరి ఒప్పందంతోనే ఖర్చు కావాలి. మాటిమాటికీ ఆలస్యమయ్యేవారిని కూర్చోబెట్టి కారణం అడగడం, రాతపూర్వకంగా హెచ్చరించడం, ఆ మాటలను నమోదు చేసి ఉంచడం సరైన దారి. అలాగే కుర్చీలు సర్దడానికి పావుగంట ముందు రమ్మంటే ఆ పావుగంట కూడా పని కిందికే వస్తుంది. పని గంటల, సెలవుల రికార్డులను 7 ఏళ్లు దాచాలి, జీతం ఇచ్చిన ఒక పనిదినం లోపల పేస్లిప్ అందించాలి. తెలిసి తెలిసి జీతం తక్కువ ఇవ్వడం 2025 జనవరి 1 నుంచి నేరమైంది. లెక్కలు చూసేది మీరే కాబట్టి ఈ సంగతిని మీ క్లయింటుకు మీరే ముందుగా చెప్పడం మంచిది.

వేలిముద్రల విషయంలో తొందరపడవద్దనండి. మన దగ్గర బయోమెట్రిక్ హాజరును పెద్దగా ప్రశ్నించరు. క్వీన్స్‌లాండ్‌లోని ఒక రంపపు మిల్లులో మాత్రం వేలిముద్ర ఇవ్వనన్న కార్మికుణ్ణి తొలగించగా, ఆ తొలగింపు అన్యాయమని అక్కడి ఉద్యోగ వివాదాలు తేల్చే ఫెయిర్ వర్క్ కమిషన్ ఫుల్ బెంచ్ 2019లో తేల్చింది. వేలిముద్ర సున్నితమైన సమాచారం, ఇవ్వకపోతే పని పోతుందన్న భయంతో ఇచ్చిన సమ్మతి నిజమైన సమ్మతి కాదన్నది ఆ తీర్పులోని సారం. రెండు రెస్టారెంట్లకు ఒక పిన్ నంబరో, కార్డో చాలు.

మరి పాలసీలో రాయవలసిందేమిటి? ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి, ఏ కాగితం చూపాలి అన్నవి. నాలుగు గంటల ముందు చెప్పకపోతే సెలవు లేదని రాయకండి. వీలైనంత త్వరగా చెప్పాలని, అవసరమైతే సెలవు మొదలైన తర్వాతైనా చెప్పవచ్చని చట్టం అంటుంది. డాక్టరు సర్టిఫికెట్ మాత్రం ఒక్క రోజు సెలవుకైనా అడగవచ్చు. సిబ్బంది అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఎవరి జబ్బు వారు ప్రకటించుకోవాలన్న ఏర్పాటు నాకు నచ్చదు, మేనేజరుకు ఫోను చేస్తే సరిపోతుంది. గృహహింసకు గురైనవారికి, క్యాజువల్ ఉద్యోగులతో (స్థిరమైన పని హామీ లేకుండా గంట కూలికి పనిచేసేవారితో) సహా, జీతంతో 10 రోజుల సెలవు ఉంది, ఆ సెలవు పేరు పేస్లిప్ మీద కనిపించకూడదు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఒకే యజమాని దగ్గర 7 ఏళ్లు నిండినవారికి దీర్ఘకాల సేవా సెలవు అదనం. మీ నల్లగొండ ఆఫీసు సిబ్బందికి వీటిలో ఏదీ వర్తించదు, వారిది తెలంగాణ చట్టం, వారి పాలసీ వేరుగానే ఉండాలి.

ప్రశ్న: మా తమ్ముడు చనిపోతే, మెల్‌బోర్న్‌లో ఉన్న మా అబ్బాయికి సంతాప సెలవు రాదని కంపెనీ చెప్పింది. మేనమామ సొంత మనిషి కాదా?
ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: మనకు అవును, ఆ చట్టానికి కాదు. భార్య లేక భర్త, సహజీవన భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, తాతలు, మనుమలు, తోబుట్టువులు, అలాగే భార్య లేక భర్త తరఫున ఇదే వరుసవారు, ఒకే ఇంట్లో ఉండేవారు, వీరికే ఒక్కో సందర్భానికి 2 రోజులు ఇస్తారు. బావమరిది ఆ జాబితాలో ఉన్నాడు, మేనమామ, బాబాయి, పెద్దమ్మ లేరు. రెండు రోజుల్లో మెల్‌బోర్న్ నుంచి మిర్యాలగూడ చేరడమే కష్టం, దశదినకర్మ దాకా ఉండాలంటే వార్షిక సెలవు అడగవలసిందే, సహేతుక కారణం లేకుండా దాన్ని కాదనడానికి యజమానికి వీల్లేదు. పై ప్రశ్న అడిగిన నల్లగొండ పాఠకురాలు తన ముసాయిదాలో ఈ జాబితాకు మేనమామ, మేనత్త, బాబాయి, పిన్ని వరుసలు కలపమని యజమానిని ఒప్పిస్తే బాగుంటుంది, అంతకంటే ఎక్కువ ఇవ్వడాన్ని చట్టం అడ్డుకోదు.

ప్రశ్న: సిడ్నీలో చదువుకుంటూ ఒక దుకాణంలో క్యాజువల్‌గా పనిచేస్తున్న మా అబ్బాయి జ్వరంతో రెండు రోజులు పోలేదు. జీతం ఇవ్వలేదు సరే, మళ్లీ మానేస్తే వీసా రద్దు చేయిస్తామన్నారట.
ఒక తండ్రి, వనపర్తి

జవాబు: క్యాజువల్ ఉద్యోగికి జీతంతో కూడిన జబ్బు సెలవు లేదు. దానికి బదులుగా గంట కూలి మీద సాధారణంగా 25 శాతం అదనంగా ఇస్తారు, అది అందుతున్నదో లేదో పేస్లిప్‌లో చూడమనండి. వీసా మాట ఉత్త బెదిరింపు. వీసా రద్దు చేసే అధికారం అక్కడి హోం అఫైర్స్ శాఖదే తప్ప ఏ యజమానిదీ కాదు, పైగా వీసా పేరు చెప్పి పనిలో ఒత్తిడి చేయడం 2024 జూలై 1 నుంచి నేరం. కాలేజీ నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటల పరిమితిని మీ అబ్బాయి దాటకుండా చూసుకోవాలి. రోస్టరు ఫొటోలు, పేస్లిప్‌లు, ఆ బెదిరింపు మెసేజీగా వచ్చి ఉంటే దాని స్క్రీన్‌షాట్ భద్రపరచుకొని, ఉద్యోగుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కు రాయమనండి. అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు.