విన్ రేషియో అంటే చావుల లెక్కేనా?

ప్రశ్న: నాన్నగారికి గుండె బలహీనపడిందని సూర్యారావుపేటలో డాక్టరుగారు ఎంపాగ్లిఫ్లోజిన్ రాశారు. దాని ట్రయల్‌లో విన్ రేషియో 1.36 అట. చావులు 36 శాతం తగ్గినట్టేనా? - ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదమ్మా. 2022లో ఫలితాలొచ్చిన ఎంపల్స్ ట్రయల్‌లో, గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరినవాళ్లలో మందు వేసుకున్నవాళ్లని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో జతలు జతలుగా పోల్చారు. ముందు చావు చూస్తారు, అక్కడ తేలకపోతే జబ్బు ఎన్నిసార్లు ముదిరింది, మొదట ఎప్పుడు ముదిరింది, అదీ తేలకపోతే ఆయాసం, నీరసం లాంటివాటి స్కోరు. 90 రోజులకి 53.9 శాతం జతల్లో మందు గెలిచింది, 39.7 శాతంలో ఓడింది, భాగిస్తే 1.36. మిగతావి టై. పాత పద్ధతిలో ఏది ముందు జరిగితే అదే లెక్క కాబట్టి ఆస్పత్రిలో చేరడానికీ చావుకీ ఒకటే తూకం, అదేం న్యాయం! ఇది నయమే, కానీ ఆ 53.9లో 35.9 స్కోరు దగ్గర గెలిచినవే, చావు దగ్గర 7.2 మాత్రమే.