కోట్ల రికార్డులు సరే, మన ఊరివెన్ని?

వంశచరిత్ర డేటాబేసుల గురించి గ్రంథాలయాల్లో పనిచేసేవారు, అక్కడికి వెళ్లే పాఠకులు పంపిన ప్రశ్నలకు జవాబులు.

ప్రశ్న: న్యూజెర్సీలో మా టౌన్ లైబ్రరీ ఈసారి వంశచరిత్ర డేటాబేసు ఒకటి తీసుకోవాలనుకుంటోంది. యాన్సెస్ట్రీ లైబ్రరీ ఎడిషన్, హెరిటేజ్‌క్వెస్ట్, మైహెరిటేజ్ మూడింటికీ కొటేషన్లు వచ్చాయి. ఎవరిని అడిగినా కోట్ల రికార్డులున్నాయనే అంటున్నారు. బోర్డు మీటింగుకు ఆరు వారాలే ఉంది. దేన్ని చూసి తేల్చుకోవాలి?

జవాబు: ముందు ఆ కోట్ల లెక్క పక్కన పెట్టేయండి. అమెరికా 1940 జనగణన షీటులో ఒక వైపు 40 గీతలుంటాయి. గీతకొక మనిషి, మనిషికొక రికార్డు. అంటే ఒక్క పుటకే 40. ఆ పుటే మూడు కంపెనీల దగ్గరా ఉంటుంది, ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత సైటులోనూ ఉంటుంది. కాబట్టి అడగాల్సింది ‘ఎన్ని ఉన్నాయి’ అని కాదు, ‘ఉచితంగా దొరకనివి మీ దగ్గర ఏమున్నాయి’ అని.

కొటేషన్లు తెరిచే ముందు మీ స్టేట్ లైబ్రరీకి ఒక మెయిలు పెట్టండి. చాలా రాష్ట్రాలు ఇలాంటి డేటాబేసులను తమ లైబ్రరీలన్నిటికీ కలిపి కొంటాయి. అక్కడ ఉన్నదాన్ని మళ్లీ సొంత డబ్బుతో కొనడం మామూలుగా జరిగే పొరపాటే.

తర్వాత మూడు కంపెనీలనూ కలెక్షన్ల జాబితా ఎక్సెల్‌లో పంపమనండి. బ్రోషర్ వద్దు. అందులో నాలుగు కాలమ్‌లు చూడాలి: ఏ ప్రాంతం, ఏ ఏడు నుంచి ఏ ఏటి దాకా, అసలు పత్రం బొమ్మ ఉందా లేక పేర్ల ఇండెక్సు మాత్రమేనా, కొత్తవి చివరిసారి ఎప్పుడు చేర్చారు. న్యూజెర్సీ వరకు వడపోస్తే పెద్ద జాబితా కూడా చిక్కిపోతుంది. ‘1790 నుంచి 1950 వరకు జనగణన’ అని రాసినచోట 1890 గురించి మీ కౌంటర్ సిబ్బందికి ముందే చెప్పి ఉంచండి. 1921లో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనం అంటుకున్నప్పుడు 1890 షీట్లు చాలావరకు కాలి, తడిసి పాడయ్యాయి. మిగిలినవాటినీ తర్వాత ప్రభుత్వమే పారేసింది, కొద్ది ముక్కలే మిగిలాయి. పోయినవి ఏ కంపెనీ దగ్గరా దొరకవు. ఈ సంగతి తెలియని పాఠకుడు డేటాబేసునే తిట్టిపోతాడు.

ఇక ట్రయల్. సాధారణంగా నెల రోజులిస్తారు. మూడింటినీ ఒకే నెలలో పెట్టించుకోండి, లేకపోతే పోల్చడం కుదరదు. జవాబు ముందే తెలిసిన 15 పేర్లు రాసుకోండి. ఐదు మీ ఊరి స్మశానంలో తేదీలతో సహా కనిపించే పేర్లు. నాలుగు పాత సిటీ డైరెక్టరీలోవి. మూడు పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లవి. మూడు ఇంగ్లిషువాడి నోరు తిరగని పేర్లు. ఒక్కో పేరుకు పది నిమిషాలు, అంతకు మించి వద్దు. ఎన్నో ప్రయత్నంలో దొరికింది, అసలు పత్రం తెరుచుకుందా, చేతిరాత చదవగలిగేంత పెద్దదవుతోందా అన్నవి రాసుకోండి.

నోరు తిరగని పేర్లలో ఒకటి మేమే ఇస్తాం: వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. 1930 జనగణన నాటికి ఆయన బోస్టన్‌లో హార్వర్డ్‌లోనే ఉన్నారు. యల్లాప్రగడను ఇంటిపేరు గడిలో పెట్టి వెతకండి, తర్వాత సొంత పేరు గడిలో పెట్టండి, ఆ తర్వాత సుబ్బా, రావు విడదీసి చూడండి. ఏ డేటాబేసు ఎన్ని తిప్పలు పెడుతుందో అరగంటలో తెలిసిపోతుంది. పేరుతో దొరకనప్పుడు రాష్ట్రం, కౌంటీ, ఎన్యూమరేషన్ డిస్ట్రిక్టు (ఒక గణకుడు తిరిగిన ప్రాంతం) వరసన పుటలు తిప్పుకుంటూ పోయే దారి ఉందా అన్నది మరీ ముఖ్యం. ఇండెక్సు తప్పినప్పుడు మనిషిని పట్టుకోవడానికి మిగిలే దారి అదొక్కటే.

యాన్సెస్ట్రీ లైబ్రరీ ఎడిషన్ లైబ్రరీ భవనంలోనే పనిచేస్తుంది. కోవిడ్ కాలంలో ఇంటి నుంచి చూడనిచ్చారు గానీ అది 2021తో అయిపోయింది. అందులో సొంత వంశవృక్షం కట్టుకోవడం కుదరదు, డీఎన్ఏ ఉండదు. హెరిటేజ్‌క్వెస్ట్‌ను కార్డు నంబరుతో ఇంటి నుంచే చూడొచ్చు. అయితే దాన్ని నడిపేది కూడా యాన్సెస్ట్రీ సరుకే, రెండింటినీ లైబ్రరీలకు అమ్మేది ప్రోక్వెస్ట్ అనే కంపెనీయే. రెండూ కొంటే జనగణనను రెండుసార్లు కొన్నట్టు. మైహెరిటేజ్ లైబ్రరీ ఎడిషన్ కూడా ఇంటి నుంచి తెరుచుకుంటుంది. ఐరోపా మూలాల వాళ్లు ఎక్కువుండే ఊరికి అది ఉపయోగం.

మా సలహా: వంశచరిత్రకు ప్రత్యేకంగా గది, నేర్పే మనిషి ఉంటే యాన్సెస్ట్రీ. అవి లేకపోతే హెరిటేజ్‌క్వెస్ట్‌తో పాటు ఫ్యామిలీసెర్చ్ అఫిలియేట్ సభ్యత్వం, అంటే మీ లైబ్రరీ ఆ సైటుకు అనుబంధంగా చేరడం. ఆ సభ్యత్వానికి డబ్బు కట్టక్కర్లేదు. ఫ్యామిలీసెర్చ్‌లో కెమెరా బొమ్మ మీద తాళంచెవి కనిపించే పత్రాలు ఇంట్లో తెరుచుకోవు. వాటిలో చాలావరకు అఫిలియేట్ లైబ్రరీలో తెరుచుకుంటాయి.

సంతకం చేసే ముందు ఒప్పందంలో మూడు వాక్యాలు వెతకండి. ఏటా ధర ఇంత శాతానికి మించి పెరగదని. బడ్జెట్ మంజూరు కాకపోతే జరిమానా లేకుండా మానుకోవచ్చని. దానంతటదే రెన్యువల్ అవుతుందా, అయితే ఎన్ని రోజుల ముందు వద్దని చెప్పాలని. ధర మీ ఊరి జనాభాను బట్టి కడతారు కాబట్టి, ఏ అంకె పట్టుకున్నారో కూడా అడగండి.

ఇంకొక్క మాట. మీ ఊళ్లో తెలుగువాళ్లు ఎక్కువని కొంటున్నట్లయితే ఆగండి. మనవాళ్లలో ఎక్కువమంది వచ్చింది 1965 వలస చట్టం తర్వాత. జనగణన షీట్లు 72 ఏళ్లకు గానీ బయటికి రావు. 1960వి వచ్చేదే 2032 ఏప్రిల్‌లో.

ప్రశ్న: మా బ్రాంచిలో డెస్క్‌టాప్ మీద డేటాబేసు తెరుచుకుంటుంది. పాఠకుల లాప్‌టాప్‌లో వై-ఫై మీద మాత్రం పాస్‌వర్డ్ అడుగుతోంది. ఎందుకు?

జవాబు: కంపెనీ మిమ్మల్ని గుర్తుపట్టేది ఐపీ అడ్రసుతో. పాఠకుల వై-ఫై వేరే కనెక్షన్ మీద ఉంటే బయటికి కనిపించే అడ్రసు కూడా వేరే. ఆ వై-ఫై మీద ఏదైనా ‘నా ఐపీ ఎంత’ సైటు తెరిచి, కనిపించిన అంకెను కంపెనీకి పంపి జాబితాలో చేర్పించండి. 192.168తో మొదలయ్యేది పంపొద్దు, అది లోపలి అడ్రసు. ఇంటర్నెట్ కంపెనీ మారినప్పుడల్లా ఇదే జరుగుతుంది, కాబట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని అడ్రసు, ఉందో లేదో కనుక్కోండి.

ప్రశ్న: టెక్సస్‌లో మా లైబ్రరీ డేటాబేసుకు ఏడాదిలో 18,000 సెర్చులు వచ్చాయని కంపెనీ రిపోర్టు. కౌంటర్ దగ్గర చూస్తే వాడేవాళ్లు పట్టుమని పదిమంది కనిపించరు. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. వంశచరిత్ర వెతికేవాళ్లు ఒకే పేరును స్పెల్లింగు మార్చి, ఏడు మార్చి, ఊరు మార్చి నొక్కుతూనే ఉంటారు. ఒక మనిషి ఒక పూటలో 40 సెర్చులు దాటించడం వింత కాదు. పైగా మీ కేటలాగు అన్ని డేటాబేసుల్లోనూ ఒకేసారి వెతికేదైతే, ఎవరో వంటల పుస్తకం కోసం వెతికినా ఇక్కడ ఒక సెర్చు పడుతుంది.

కౌంటర్ (COUNTER) ప్రమాణం ప్రకారం తయారైన రిపోర్టే అడగండి. డేటాబేసుల వాడకాన్ని అందరూ ఒకే తీరులో లెక్కపెట్టడానికి పెట్టుకున్న పద్ధతి అది, మీ లైబ్రరీ కౌంటర్ కాదు. అందులో ఆటోమేటెడ్, ఫెడరేటెడ్ సెర్చులు వేరే వరసల్లో వస్తాయి. మీరు చూడాల్సింది ‘టోటల్ ఐటమ్ రిక్వెస్ట్స్’, అంటే పత్రాన్ని నిజంగా తెరిచిన లెక్క. ఏటి చందా 7,200 డాలర్లు, తెరిచిన పత్రాలు 2,400 అనుకోండి, పత్రానికి 3 డాలర్లు. అదే 18,000తో భాగిస్తే 40 సెంట్లు. కంపెనీ మనిషి బోర్డుకు చూపించేది ఆ 40 సెంట్లే.

నెలవారీగా కూడా చూడండి. ఒక్క నెలలో ఎగబాకితే అది వర్క్‌షాపు పెట్టిన నెల. సున్నా పడితే పాఠకులు మానేశారని కాదు, లాగిన్ తెగి ఉంటుంది, ముందు అది చూడండి.

ప్రశ్న: లెస్టర్‌లో ఉంటాం. మావారి వైపువాళ్లు డర్బన్ తెలుగువాళ్లు. ముత్తాతగారి పేరు వెంకయ్య అని, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లారని మాత్రం తెలుసు. ఇక్కడి లైబ్రరీలో ఉన్న డేటాబేసులో ఎంత వెతికినా రాలేదు. ఇంకోటి తెప్పించమని లైబ్రరీని అడగమంటారా?

జవాబు: వద్దమ్మా. మీకు కావలసింది నటాల్ (డర్బన్ ఉన్న ప్రాంతం) ఓడల జాబితాలు. ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. ఒక్కొక్కరికీ కొలోనియల్ నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఒంటిమీద పుట్టుమచ్చలతో సహా రాశారు. అసలు పుస్తకాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులీ డాక్యుమెంటేషన్ సెంటర్ వాటితో జాబితా తయారుచేసింది. ముందు ఇంట్లో పాత జనన, వివాహ పత్రాలు తీసి ఆ నంబరు ఎక్కడైనా ఉందేమో చూడండి. నంబరు దొరికితే పేరుతో పనే లేదు.

నంబరు లేకపోతే పేరుతోనే వెతకాలి. అక్కడే చిక్కు. చాలా డేటాబేసుల్లో ఉండే సౌండెక్స్ పద్ధతి పేరులో మొదటి ఇంగ్లిషు అక్షరాన్ని అలాగే ఉంచి, తర్వాతి హల్లులను మూడు అంకెలు చేస్తుంది. వెంకయ్య అయితే వి520. కానీ ఉత్తరాంధ్రలో పిలుపు ‘ఎంకయ్యే’ కదా. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఇంగ్లిషు ‘ఇ’ (E)తో రాస్తే ఇ520, ‘వై’ (Y)తో రాస్తే వై520. మొదటి అక్షరం మారింది కాబట్టి యంత్రానికి వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. ‘వెంకటయ్య’ అని పూర్తిగా రాసి ఉంటే వి523, అదీ తగలదు. అప్పలస్వామి, అప్పల్సామి మాత్రం రెండూ ఎ142 అవుతాయి, ఆ పేరువాళ్లు అదృష్టవంతులు. కాబట్టి వి, ఇ, వై మూడింటితోనూ విడివిడిగా వెతకండి.

ఇంటిపేరు గడి ఖాళీగా వదలండి. జాబితాల్లో మన ఇంటిపేర్లు మామూలుగా ఉండవు, తండ్రి పేరే ఉంటుంది. తర్వాతి తరంలో ఆ తండ్రి పేరో, నాయుడు అన్న మాటో ఇంటిపేరుగా స్థిరపడింది. మద్రాసులో ఓడ ఎక్కారని తమిళుల కింద తీసేయకండి, మన జిల్లాలవాళ్లూ అక్కడే ఎక్కారు. జిల్లా దగ్గర వైజాగపటంతో పాటు గంజాం కూడా చూడండి. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది, శ్రీకాకుళానికి అప్పటి ఇంగ్లిషు పేరు చికాకోల్.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా గ్రంథాలయ సంస్థలో పనిచేస్తున్నాను. ఇలాంటి డేటాబేసు మేమూ కొంటే పాఠకులు వస్తారా?

జవాబు: కొనకండి. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు వచ్చే సెస్సుతో నడిచే సంస్థ మీది. ఆ డేటాబేసులకు వెన్నెముక ఇంటింటి జనగణన షీట్లు. మన దేశంలో 1948 జనగణన చట్టం ప్రకారం ఆ వివరాలు ఎవరికీ చూపించరు, అమెరికాలోలా కొన్నేళ్లకు తెరవడమూ లేదు. ఫైండ్‌మైపాస్ట్ అనే బ్రిటిష్ డేటాబేసులో మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్లున్నాయి గానీ వాటిలో ఎక్కువగా కనిపించేది దొరలు, ఆంగ్లో ఇండియన్లు. ఆ కుటుంబాల వారసులెవరైనా వస్తే బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర చూసే ఫిబిస్ సంస్థ సైటు చూపించండి, అక్కడ వెతకడం ఉచితం. ఫ్యామిలీసెర్చ్‌లో హరిద్వార్ పండాల బహీలు (యాత్రికుల వంశావళి పుస్తకాలు) ఉన్నాయి, అవి ముఖ్యంగా ఉత్తరాదివాళ్లకు పనికొస్తాయి.

మీ పాఠకుల తాతల పేర్లు దొరికేది అడంగల్, 1బి, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), ఇనాం రిజిస్టర్లు, పాత దస్తావేజులు, బడి అడ్మిషన్ రిజిస్టర్లలో. ఏది తహసీల్దారు ఆఫీసులో, ఏది సబ్ రిజిస్ట్రారు దగ్గర, ఏది బడిలో దొరుకుతుందో ఒక కాగితం మీద మండలాల వారీగా రాసి కౌంటర్ దగ్గర అతికించండి. చందాకు పెట్టే డబ్బుతో ఒక ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొనండి. ఇళ్లలో ఉన్న స్టాంపు కాగితాలు, చేతిరాత వంశవృక్షాలు 400 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేసి, ఒక కాపీ ఇంటివాళ్లకిచ్చి, వాళ్లు ఒప్పుకుంటే ఒకటి మీరు ఉంచుకోండి. మడతల దగ్గర కాగితం విరిగిపోతుంది, కాబట్టి ఫీడర్‌లో మాత్రం పెట్టొద్దు.