ముందు నిలదొక్కుకునే డబ్బు, ఆ తర్వాతే ఆపరేషన్ డబ్బు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. నేను ట్రాన్స్ మహిళను. హైదరాబాద్‌లో ఒక ఐటీ సంస్థలో ఉద్యోగం, చేతికి నెలకు రూ. 62,000 వస్తాయి. మానసిక వైద్యుల పరిశీలన పూర్తయ్యాక రెండు నెలల క్రితం హార్మోన్లు మొదలుపెట్టాను. అద్దెకు 11,000, తెనాలి దగ్గర ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు 12,000, తిండికీ రాకపోకలకూ 12,000, మందులకూ పరీక్షలకూ సగటున 2,500, బండి వాయిదాకు 4,200 పోతున్నాయి. వాయిదాలు ఇంకా ఏడు నెలలు ఉన్నాయి. నాన్న పేరుతో కలిపి వేసిన రూ. 2,10,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ నవంబరులో గడువు తీరుతుంది. ఆపరేషన్‌కు 4,75,000 అంచనా ఇచ్చారు. ముఖం మీది రోమాలు తీసే లేజర్‌కు విడతకు 5,000, పన్నెండు విడతలకు ముందే కడితే 50,000 అంటున్నారు. బ్యాంకు 15 శాతం వడ్డీకి నాలుగేళ్ల గడువుతో 6 లక్షలు ఇస్తానంటోంది. వచ్చే ఏడాదికల్లా అన్నీ పూర్తి చేసుకోవాలని ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. అప్పు తీసుకోవచ్చా?

జవాబు: ఆ అప్పు తీసుకోవద్దని నా సలహా. ఎన్నో ఏళ్లు ఆగి ఇక్కడిదాకా వచ్చిన మీకు మళ్లీ ఆగమని చెప్పడం నాకు తేలికగా లేదు. అయితే మీ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, అప్పు లేకుండానే సుమారు రెండేళ్లలో ఆపరేషన్ దాకా చేరుకునే దారి మీ జీతంలోనే కనిపిస్తోంది.

ముందు అప్పు సంగతి చూద్దాం. 6 లక్షలకు 15 శాతం చొప్పున నాలుగేళ్లకు నెల వాయిదా సుమారు 16,700 అవుతుంది, మొత్తం మీద మీరు కట్టే వడ్డీ రెండు లక్షలు దాటుతుంది. అంతకంటే నన్ను భయపెట్టేది ఆ వాయిదా వచ్చి పడే సమయం. యోని నిర్మాణ శస్త్రచికిత్స తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు పనికి దూరంగా ఉండవలసి రావచ్చు, మొదటి నెలల్లో రోజుకు పలుమార్లు డైలేషన్ (కొత్త యోని మార్గం కుంచించుకుపోకుండా డైలేటర్ అనే సాధనం పెట్టుకోవడం) చేసుకోవాలి, బరువులు ఎత్తకూడదు. సెలవులు అయిపోయి జీతం కోత పడే నెలలోనే బ్యాంకు వాయిదా కూడా తప్పదు. అదే సమయంలో ఇంట్లో విషయం తెలిసి అక్కడ ఆసరా లేకుండా పోతే, మీకు మిగిలేది మీ పేరు మీద ఉన్న డబ్బు ఒక్కటే.

అందువల్ల ఆ రెండు లక్షల పది వేలను ఆపరేషన్ డబ్బుగా చూడడం మానేయండి. బండి వాయిదా తీరాక మీ నెల ఖర్చు 37,500, ఆరు నెలలకు 2,25,000. అంటే ఆ డిపాజిట్ దాదాపుగా మీ అత్యవసర నిధికి సరిపోతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చని రాసుకున్న ఉమ్మడి డిపాజిట్‌ను సైతం గడువుకు ముందే రద్దు చేయాలంటే బ్యాంకులు సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతాయి. కాబట్టి ఇప్పుడు కదిలించకండి. డిపాజిట్ రసీదు తీసి, గడువు తీరగానే దానంతట అదే తిరిగి డిపాజిట్ అయ్యేలా రాసి ఉందేమో చూడండి. అందులో మీ నాన్నగారు వేసిన సొమ్ము ఏమైనా ఉంటే ఆ భాగం ఆయనదే, దాన్ని ఈ లెక్కలోకి తీసుకురావద్దు.

ఈ ప్రయాణంలో ఖర్చులన్నీ ఒకేసారి మీద పడవు, ఎందుకంటే శరీరం మార్పుకు దాని సమయం అది తీసుకుంటుంది. జననాంగ శస్త్రచికిత్సకు ముందు కనీసం ఆరు నెలల హార్మోన్ చికిత్స ఉండాలని ట్రాన్స్‌జెండర్ వైద్యానికి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణాల 2022 సంచిక సూచిస్తోంది. ఏడాది అడిగే సర్జన్లూ ఉన్నారు. రొమ్ముల ఎదుగుదలకు రెండు మూడేళ్లు పడుతుంది కనుక ఇంప్లాంట్ల కోసం ఇప్పుడే డబ్బు పక్కన పెట్టనక్కరలేదు, అసలు వాటి అవసరమే రాకపోవచ్చు. గొంతు మాత్రం హార్మోన్లతో మారదు, స్వర శిక్షణకు కొంత ఖర్చు ఉంటుంది. ముఖం మీద లేజర్ నెలల తరబడి సాగే పని. ఆపరేషన్ జరిగే చోట కూడా రోమాలను ముందే తీయించాలని కొందరు సర్జన్లు అడుగుతారు, ఆ విడతలు మీ అంచనాలో ఉన్నాయో లేదో కనుక్కోండి.

లేజర్‌కు 50,000 ముందుగా కట్టవద్దు. ఇలాగే ఒకేసారి కట్టిన ఒకరు నాలుగో విడతకు వెళ్లేసరికి ఆ క్లినిక్‌కు తాళం వేసి ఉందని నా దగ్గర చెప్పుకుని బాధపడ్డారు. పది వేల తగ్గింపు కోసం ఆ ప్రమాదం అక్కరలేదు, విడతకు విడత కట్టండి. సేవాసంస్థల క్లినిక్‌లకూ ఇటువంటి గండం ఉంది. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025 జనవరిలో మూతపడి, తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఆ మధ్య నెలల్లో మందులూ పరీక్షలూ బయట కొనుక్కోవలసి వచ్చినవారు ఎందరో. తక్కువ ధరకు దొరికే చోట చూపించుకోండి, లెక్క మాత్రం బయటి ధరకే వేసుకోండి.

ఇప్పుడు మీ నెల లెక్క. అన్ని ఖర్చులూ పోగా 20,300 మిగులుతోంది. లేజర్‌కు 5,000 తీస్తే 15,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయవచ్చు. ఏడు నెలలకు 1,05,000. బండి వాయిదా తీరాక మూడు నెలలు 19,000 చొప్పున 57,000. పది నెలల్లో ముఖం మీద లేజర్ చాలావరకు పూర్తవుతుందనుకుంటే, ఆపైన పద్నాలుగు నెలలు 24,000 చొప్పున 3,36,000. రెండేళ్లకు వడ్డీ కాకుండానే 4,98,000 చేరుతుంది. అప్పటికి అంచనా పెరగవచ్చు, తోడు ఉండేవారి బస, డైలేటర్లు, మళ్లీ చూపించుకోవడానికి ప్రయాణాలు కూడా ఉంటాయి. జీతం పెంపు, బోనస్ వస్తే వాటికే కేటాయించండి. ఈ డబ్బును షేర్ల వైపు తీసుకువెళ్లవద్దు, రెండేళ్ల గడువుకు అది తగిన చోటు కాదు.

హార్మోన్ల 2,500 మాత్రం ఆపరేషన్‌తో ఆగే ఖర్చు కాదు. వృషణాలు తీసేసిన తర్వాత ఎముకలు బలంగా ఉండడానికి కూడా ఈస్ట్రోజెన్ కొనసాగవలసిందే. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి రక్త పరీక్షలు తప్పించవద్దు, పురుష హార్మోన్ ప్రభావాన్ని తగ్గించే స్పైరోనోలాక్టోన్ మందు వాడుతుంటే పొటాషియం కూడా చూస్తారు.

బీమా విషయంలో మీరే చదవవలసిన పంక్తి ఒకటుంది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మినహాయింపుల జాబితాలో ఏడో కోడ్ కింద లింగమార్పిడి చికిత్సలు ఉంటాయి. కొన్ని సంస్థల గ్రూపు పాలసీలు ఈ మినహాయింపును తొలగించి కొంత మొత్తం ఇస్తున్నాయి, మీ సంస్థ పాలసీ పూర్తి ప్రతిని హెచ్‌ఆర్ పోర్టల్ నుంచి తీసి చూడండి. ఎవరినీ అడగకుండానే తెలుసుకోవచ్చు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం 2022 ఆగస్టులో ప్రకటించిన ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ ఏడాదికి 5 లక్షల వరకు వర్తించేలా రూపొందింది. మీకు అర్హత ఉందని రాతపూర్వకంగా తేలే వరకు దాన్ని ప్రణాళికలో కలపవద్దు.

కాగితాల పనికి ఖర్చు తక్కువ, వరుస మాత్రం ముఖ్యం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం కింద గుర్తింపు ధ్రువపత్రానికి జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఆ రోజుకు అమల్లో ఉన్న నిబంధనలు చదివి దరఖాస్తు చేయండి. శస్త్రచికిత్స తర్వాత సవరించిన ధ్రువపత్రం కోరవచ్చు. ఆధార్‌లో లింగాన్ని సాధారణంగా ఒక్కసారే మార్చనిస్తారు కనుక, ఇప్పుడు ట్రాన్స్‌జెండర్ అని మార్పించాలా, సవరించిన పత్రం వచ్చాక స్త్రీ అని మార్పించాలా అనేది ముందే నిర్ణయించుకోండి. ఆధార్ తర్వాత పాన్, బ్యాంకు, పీఎఫ్, బీమా వరుసగా సరిచేయించండి. పాలసీలో ఒక పేరు, ఆసుపత్రి బిల్లులో మరో పేరు ఉంటే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

మరో మాట రాయకుండా ఉండలేను. రెండేళ్లంటే ఎక్కువనిపించి, తక్కువలో చేయిస్తామనేవారి వైపు మనసు పోవచ్చు. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో ఇద్దరు బీ ఫార్మసీ విద్యార్థులు చేసిన ఆపరేషన్‌లో 28 ఏళ్ల వ్యక్తి ప్రాణం పోయింది. అర్హత ఉన్న సర్జన్, మత్తు వైద్యుడు, రక్తం అందుబాటులో ఉన్న ఆసుపత్రి, ఈ మూడూ లేని చోట ఎంత తక్కువ ధర చెప్పినా అడుగు పెట్టకండి.

ఈ వారంలో చేయవలసినవి రెండే. మీ ఒక్కరి పేరుతో, మీ ఊళ్లో లేని శాఖలో ఒక పొదుపు ఖాతా తెరిచి, జీతం పడిన మరుసటి రోజే 15,000 అందులోని రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా ఆదేశం ఇవ్వండి. స్టేట్‌మెంట్లు ఊరి చిరునామాకు కాకుండా మీ ఈమెయిల్‌కు వచ్చేలా పెట్టుకోండి. నవంబరులో డిపాజిట్ సొమ్ము చేతికి రాగానే మళ్లీ రాయండి, దాన్ని ఎలా విడదీసి ఉంచాలో అప్పటి వడ్డీ రేట్లు చూసి చెబుతాను.