పాపకి హ్యామ్‌స్టరా, గినీ పిగ్గా?

ఎంవీపీ కాలనీలో ఫ్లాట్, ఎనిమిదేళ్ల పాప, పగలు ఆడుకోవడానికి ఈ రెండు చిన్న పెంపుడు జంతువుల్లో ఏది కొనాలి అన్నారు కదండీ. హ్యామ్‌స్టర్ వద్దు. పగలంతా పడుకుని రాత్రి పంజరంలో ఆట చక్రం ఎక్కి తిప్పుతుంది. నిద్రలో కదిపితే కరుస్తుంది, మావాడి వేలే సాక్ష్యం. బతికేదీ రెండు మూడేళ్లే.

గినీ పిగ్స్ నయం. ఒంటరిగా ఉండలేవు, రెండు ఆడవి తెచ్చుకోండి. 5 నుంచి 8 ఏళ్లు ఉంటాయి. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. విటమిన్ సి వాటి ఒంట్లో తయారవదు, అందుకే రోజూ క్యాప్సికం ముక్క పెట్టాలి.

అసలు టెన్షన్ మన విశాఖ ఉక్కపోతే. 27 డిగ్రీలు దాటితే వాటికి కష్టం, వడదెబ్బకి చచ్చిపోతాయి కూడా. బాల్కనీలో వద్దు. మే నెలలో ఐసు సీసాకి గుడ్డ చుట్టి పంజరంలో పెట్టండి.

తెల్ల ఎలుకలు ఇంకా తెలివైనవి, మీ అత్తయ్యగారు ఒప్పుకుంటే!