ఎడమచేతికి బేస్ అప్పగించే ముందు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు.

మీ బృందానికి బేస్, అంటే పాట అడుగున నడిచే మంద్ర స్వరాలు, వాయించే గిటారిస్టు దొరకలేదని, ఆ పని కూడా కీబోర్డు మీద నువ్వే చూసుకుంటానని రాశావు. చాలా సంతోషమయ్యా. ఏ సింథ్ (సింథసైజర్, కరెంటుతో నాదం పుట్టించే కీబోర్డు) కొనమంటావని అడిగావు. కొనడం తర్వాత, ముందు నీ ఎడమచేతి సంగతి చూద్దాం.

అమెరికా రాక్ బృందం డోర్స్‌కీ వేదిక మీద బేస్ గిటారిస్టు ఉండేవాడు కాదు. 1966లో వాళ్లు లాస్ ఏంజెలెస్‌లోని విస్కీ ఎ గో గో క్లబ్బులో వాయించే రోజుల్లో వాళ్ల కీబోర్డు వాద్యకారుడు రే మంజారెక్ కుడిచెయ్యి వాక్స్ ఆర్గన్ మీద, ఎడమచెయ్యి ఫెండర్ రోడ్స్ పియానో బేస్ మీద ఉండేవి. ఆ పియానో బేస్‌కి ఉన్నవి 32 మెట్లే. అది సింథసైజర్ కాదు. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి ఒక లోహపు పుల్లను కొడుతుంది, ఆ కంపనాన్ని పికప్ అందుకుని కరెంటు సంకేతంగా మారుస్తుంది. అందుకే ఆ నాదం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది, మొదటి దెబ్బలో పదును తక్కువ. స్టూడియోలో ఆ పదును కావాల్సి వచ్చి, 1967 నాటి మొదటి ఆల్బమ్‌లో కొన్ని పాటలకు లారీ నెక్టెల్ చేత బేస్ గిటార్ వాయించారు.

మంజారెక్ ఎడమచేతిని గమనించు. చిన్న వరస ఒకటి పట్టుకుని, పాట ఎటు పోయినా దాన్ని వదలడు. నువ్వూ రెండు బార్ల (రెండు తాళావర్తాల) వరస ఒకటి తీసుకో. అది వాయిస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలిగే దాకా కుడిచెయ్యి కీబోర్డు మీద పెట్టకు. విసుగొస్తుంది, అయినా ఇందులో అడ్డదారి లేదు.

ఇక అసలైన సింథ్ బేస్. 1970లో మూగ్ కంపెనీ తెచ్చిన మినీమూగ్ సింథ్‌లో నాదం పుట్టించే ఆసిలేటర్లు మూడు, ఆ నాదంలో పదునును కోసే ఫిల్టర్ ఒకటి ఉంటాయి. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. 1972లో అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ ‘సూపర్‌స్టిషన్’ పాటలో బేస్ కూడా మూగ్ మీద తనే వాయించాడు. కంప్యూటర్‌లో ఉన్న సింథ్‌తోనే ఆ దారి పట్టుకోవచ్చు. ముందుగా దాన్ని మోనోలో, అంటే ఒకసారికి ఒక్క స్వరమే పలికేలా పెట్టు. ఒక ఆసిలేటర్ సా-టూత్ అనే పదునైన తరంగంలో, రెండోది ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైన, కొంచెం తక్కువ వాల్యూమ్‌లో. మూడోదాన్ని ఆపేసెయ్. ఫిల్టర్ కోత మొదలయ్యే చోటు, అంటే కటాఫ్, బాగా కిందికి దించి, ఎన్వలప్‌తో (మెట్టు నొక్కగానే నాదం ఎలా లేచి తగ్గాలో చెప్పే అమరికతో) కాస్త తెరిచి, డికే, అంటే తగ్గే వ్యవధి, పొట్టిగా పెట్టు. బేస్‌కి కావాల్సిన ‘దుమ్’ అక్కడే పుడుతుంది.

రెండు ఆసిలేటర్లనూ ఒకే ఆక్టేవ్‌లో పెట్టి, శ్రుతి కొంచెం తప్పించి లావు చేద్దామనిపిస్తుంది. పై స్వరాల్లో బాగానే ఉంటుంది కానీ, కింద కొంప ముంచుతుంది. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 41 కంపనాలతో పలుకుతుంది. అక్కడ అర హెర్ట్జ్ తేడా ఉంటే రెండు సెకన్లకోసారి బేస్ ఉబ్బి, మళ్లీ పలచబడుతుంది. డ్రమ్మర్ ఎంత గట్టిగా పట్టుకున్నా తాళం జారుతున్నట్టే వినిపిస్తుంది.

మినీమూగ్‌లో నాకు ప్రాణమైన గుణం ఇంకొకటుంది. రెండు మెట్లు కలిపి నొక్కితే కిందిదే పలుకుతుంది. వేళ్లన్నీ ఎత్తి మళ్లీ నొక్కితే తప్ప ఎన్వలప్ కొత్తగా మొదలవదు. బొటనవేలితో పై స్వరం పట్టుకుని, చిటికెన వేలితో కింది ఆక్టేవ్‌ను తట్టి వదులు. స్వరం కిందికి దిగి, కొత్త దెబ్బ లేకుండా వెనక్కి వస్తుంది. నీ సింథ్‌లో ‘లో నోట్ ప్రయారిటీ’ (కింది స్వరానికే పెద్దపీట) అన్న అమరిక ఉంటే అది పెట్టుకో, ప్రతి మెట్టుకూ ఎన్వలప్‌ను కొత్తగా మొదలుపెట్టే ‘రీట్రిగర్’ ఆపెయ్. ఇక స్వరం ఎక్కడ మొదలైందో ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగిందో అంతే ముఖ్యం. స్నేర్ డ్రమ్ దెబ్బ పడే క్షణానికి వేలు ఎత్తి చూడు, పాట నడకే మారిపోతుంది.

చేతులు చాలకపోతే కాళ్లున్నాయి. డెబ్బైల మధ్యలో మూగ్ వాళ్లే కాళ్లతో వాయించే టారస్ పెడల్స్ సింథ్ తెచ్చారు, 13 పెడళ్లు. రాక్ బృందాలు జెనెసిస్‌లో మైక్ రూథర్‌ఫర్డ్, రష్‌లో గెడ్డీ లీ గిటార్ చేతిలో ఉండగానే వాటిని తొక్కేవారు. ఆగి నిలిచే దీర్ఘ స్వరాలకు అవి దివ్యంగా ఉంటాయి, పరుగెత్తే వరసలకు పనికిరావు. నీకిప్పుడు అక్కర్లేదు.

డబ్బు పెట్టాలనుకుంటే స్పీకర్ మీద పెట్టు. ల్యాప్‌టాప్ స్పీకర్‌లో 41 హెర్ట్జ్ వినిపించదు. వినిపించడం లేదని బేస్ పెంచుతూ పోయి, ఆ సెట్టింగులతోనే వేదికెక్కితే హాలంతా గుంయ్‌మనే మోతే. 15 అంగుళాల స్పీకర్ ఉన్న కీబోర్డు యాంప్ పాతదైనా చాలు. సింథ్ స్వరం తీగలా తనంతట తాను సన్నగిల్లదు, మెట్టు నొక్కి ఉంచినంతసేపూ స్పీకర్ కోన్‌ని (కంపించే కాగితపు గరాటును) తోస్తూనే ఉంటుంది. కాబట్టి చిన్న యాంప్‌లో వాల్యూమ్ చివరికంటా తిప్పకు, 30 హెర్ట్జ్ కింద ఉన్నది ఈక్వలైజర్‌లో కోసెయ్.

డ్రమ్మర్‌తో కూర్చున్నప్పుడు ఎడమచేతి ట్రాకు విడిగా రికార్డు చేసి నాకు పంపించు, కిక్ డ్రమ్‌తో కలిపి విని చెబుతాను. అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య