మోకాళ్ళ నొప్పి సంగతి సరే, ఆ స్విఫ్ట్ ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది?

ప్రశ్న: ఖమ్మం దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. నాన్నగారికి 74 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మా 2012 స్విఫ్ట్ డీజిల్‌లో ఎక్కడానికీ దిగడానికీ ఆయన పడే అవస్థ చూడలేక ఎస్‌యూవీ కొందామనుకున్నాం. కొత్తది కొనే స్తోమత లేదు. హైదరాబాద్‌లో ఒక కార్ల కన్సల్టెన్సీలో ఢిల్లీ నంబరున్న 2016 ఎక్స్‌యూవీ 500 డీజిల్ 5.60 లక్షలకు మాట్లాడుకున్నాం. మీటరు 68 వేలు చూపిస్తోంది. ఫోన్‌పేలో 50 వేలు అడ్వాన్సు ఇచ్చాను. మా స్విఫ్ట్‌కు 1.60 లక్షలు కట్టి, ఎక్స్ఛేంజ్ కింద మూడు నెలల క్రితమే తీసుకెళ్ళారు. "నమ్మకస్తులు" అని మా బావగారు చెప్పారు, అందుకే పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగానే సంతకాలు పెట్టి, ఒరిజినల్ ఆర్‌సీ, ఆధార్ జిరాక్స్ ఇచ్చేశాను, రసీదు తీసుకోలేదు. ఎస్‌యూవీ మాత్రం ఇవాళ, రేపు అంటున్నారు. చీటింగ్ కేసు పెట్టనా? "పేరు మార్చుకోకండి సార్, ఓపెన్ పేపర్ల మీద తిప్పుకోండి, లైఫ్ ట్యాక్స్ మిగులుతుంది" అని, అంటే పాత ఓనరు సంతకం పెట్టిన ఖాళీ ఫారాల మీదే బండి వాడుకోమని, సలహా కూడా ఇచ్చారు. మా ఊళ్ళోనే రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి తన 2019 పెట్రోల్ క్రెటా 7.60 లక్షలు చెబుతున్నారు. సీటు ఎత్తు, సస్పెన్షన్, మైలేజీ చూస్తే రెండింటిలో ఏది తీసుకోమంటారు? పాత కారు మీద రెండు చలాన్లు నా ఫోనుకే వచ్చాయి. దాని ఇన్సూరెన్స్ వచ్చే నెల అయిపోతుంది, ఇక కట్టనక్కరలేదు కదా?

జవాబు: మీ ఉత్తరంలో సగం నాన్నగారి బాధ, మిగతా సగం సీటు ఎత్తు, సస్పెన్షన్, మైలేజీ. అసలు విషయం చిట్టచివరి వాక్యంలో ఉంది, అదీ మీరు మాటవరసకు రాసింది. ఆ ఇన్సూరెన్స్ కట్టాలి. తప్పకుండా కట్టాలి. ఎందుకంటే ఆ స్విఫ్ట్ ఇంకా మీదే.

తాళాలు ఇచ్చేశాను, డబ్బు కూడా లెక్కలో కట్టుకున్నారు, ఇంకా నాదేమిటి అంటారా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే ఓనరు. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఈ మాటే తేల్చి చెప్పింది. ఆ కేసులో ఒకాయన 2007లో కారు అమ్మేశాడు, అది చేతులు మారుతూ మారుతూ ఇంకొకరి దగ్గరికి చేరింది, 2009లో ప్రమాదం చేసి ఒక ప్రాణం తీసింది. మధ్యలో ఎవరూ ఆర్‌సీలో పేరు మార్చుకోలేదు. నష్టపరిహారం కట్టాల్సింది ఎవరంటే, ఎప్పుడో అమ్మేశాననుకున్న ఆ మొదటి మనిషే. మీ స్విఫ్ట్ ఈ క్షణం ఎవరి చేతిలో ఉందో మీకు తెలియదు, నాకు తెలియదు. ఆ నడిపేవాడు రేపు ఎవరినైనా గుద్దితే, దాని మీద ఇన్సూరెన్స్ కూడా లేకపోతే, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ వేసే లక్షలు మీ జీతం లోంచే పోతాయి. థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి) ప్రీమియం ఆ సైజు ఇంజనుకు జీఎస్‌టీతో కలిపి నాలుగు వేల చిల్లర. దాన్ని ఆదా చేద్దామనుకోవద్దు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. టెన్త్ పిల్లవాడి టీసీ మీద సంతకం పెట్టాలంటే ఇంటిపేరు దగ్గర్నుంచి పుట్టిన తేదీ దాకా సరిచూసే మీరు, ఖాళీ ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, ఒరిజినల్ ఆర్‌సీ, ఆధార్ జిరాక్స్ ఇచ్చి, చేతికి చిన్న రసీదు కూడా తీసుకోకుండా వచ్చేశారు. "నమ్మకస్తులు అని మా బావగారు చెప్పారు" అని రాశారు. రేపు కోర్టులో బావగారి నమ్మకాన్ని ఎగ్జిబిట్‌గా మార్క్ చేయరండీ.

సరే, ఇప్పుడు గడువుల సంగతి. సెక్షన్ 50 ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో ఫారం 29తో ఆర్‌టీఏకి తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లో ఫారం 30 పెట్టుకోవాలి. మీ 14 రోజులు ఎప్పుడో అయిపోయాయి. ఆలస్యమైందని ఊరుకుంటే ఇంకా నష్టం, కాబట్టి కారు ఎప్పుడు, ఎవరికి, ఎంతకు అప్పగించారో రాసి, ఫారం 29 జత చేసి, మీ ఆర్‌టీఏ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. అక్కడ తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో ఎక్‌నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. కన్సల్టెన్సీకి ఒక కాపీ. బండి మీ చేతిలో లేదని రికార్డులో నోట్ పెట్టమని అందులోనే రాతపూర్వకంగా అడగండి.

ఆ కన్సల్టెన్సీని ఒక్క ప్రశ్న అడగండి: "మీకు ఆర్‌టీఏ ఇచ్చిన ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉందా?" పాత బళ్ళు కొని అమ్మే డీలర్లకు 2022 డిసెంబరు నోటిఫికేషన్‌తో కొత్త నిబంధనలు వచ్చాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఆథరైజ్డ్ డీలరుకు బండి అప్పగిస్తూ ఫారం 29సీ ఆన్‌లైన్‌లో పెడితే, అప్పటి నుంచి ఆ బండికి డీలరే ఓనరు కింద లెక్క, దానితో ఏం జరిగినా బాధ్యత ఆయనదే. అంతేకాదు, అలా వచ్చిన బండిని డీలరు ట్రయల్‌కో, రిపేరుకో, ఆర్‌టీఏ తనిఖీకో తప్ప రోడ్డు మీద తిప్పకూడదు. సర్టిఫికెట్ ఉందంటే 29సీ వెంటనే పెట్టించండి. లేదంటే ఆ షాపుతో ఇక కొత్త లావాదేవీ ఏదీ పెట్టుకోకండి. పాతది తేల్చుకోవడమే మిగిలింది.

తేల్చుకోవడానికి కావలసింది సాక్ష్యం. మీకు అదృష్టం కొద్దీ అది ఉంది, మీరు గమనించలేదంతే. చికాకు పడుతున్నారే, ఆ రెండు చలాన్లే మీ బలం. చలాను మీద తేదీ, టైము, చోటు ఉంటాయి, ఫొటో ఉంటుంది. ఆ టైములో మీరు స్కూల్లో ఉన్నట్టు హాజరు పట్టీ చెబుతుంది. కారు మీ చేతిలో లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? స్విఫ్ట్ అద్దానికి మీ ఫాస్టాగ్ అలాగే ఉండుంటుంది, ఆ స్టేట్‌మెంట్ తీయండి, ఏ టోల్ గేటు ఏ రోజు దాటిందో వరసగా వస్తుంది. స్టేట్‌మెంట్ తీసుకున్నాకే ఫాస్టాగ్ మూయించండి, ముందు కాదు. "కార్ రిసీవ్డ్ సార్" లాంటి మెసేజ్ వాట్సాప్‌లో ఉంటే చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కు పంపుకోండి. ఫోను మార్చొద్దు, అమ్మొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోను మీ దగ్గరుంటే ఆ పని తేలిక. బండి అమ్మకానికి పెట్టిన ప్రకటన, అందులో "68,000 కి.మీ." అన్న ముక్క కనపడేలా స్క్రీన్‌షాట్ ఇవాళే తీయండి. మీ లాయర్ నోటీసు అందిన సాయంత్రానికే ఆ ప్రకటన మాయమవుతుంది, ఇలాంటివి చాలా చూశాను.

ఇక అసలు ప్రమాదం, ఆ ఓపెన్ పేపర్ల సలహా. వినడానికి భలే ఉంటుంది, లైఫ్ ట్యాక్స్ లేదు, ఆర్‌టీఏ చుట్టూ తిరగడం లేదు, రెండేళ్ళు వాడుకుని మళ్ళీ అవే కాగితాల మీద ఇంకొకరికి తోసేయొచ్చు. ఆ గోతిలో కాలు పెట్టొద్దు. డబ్బంతా మీది, బండి మాత్రం ఢిల్లీలో మీరు ఎన్నడూ చూడని మనిషిది. ఆయన మనసు మారి బండి పోయిందని ఫిర్యాదు ఇస్తే పోలీసులు ఆపేది మిమ్మల్ని. ఆయన చనిపోతే ఫారం 30 మీద ఆయన సంతకం పనికిరాదు, వారసుల చేత ఫారం 31 పెట్టించాలి, వాళ్ళు ఎక్కడున్నారో వెతుక్కోవాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంటే, ఆయన వాయిదాలు ఎగ్గొడితే బండి ఎత్తుకుపోయేది మీ ఇంటి ముందు నుంచే. బండి దొంగతనం జరిగినా, పల్టీ కొట్టినా ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) క్లెయిమ్ రాదు. ఆర్‌సీతో పాటు పాలసీ కూడా తనంతట తానే కొన్నవారికి మారిపోవడమన్నది థర్డ్ పార్టీకి మాత్రమే అని సుప్రీంకోర్టు 1995లోనే కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో చెప్పింది. మీరు 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీ మీ పేరుకు మార్పించుకుంటేనే మీ బండికి జరిగిన నష్టానికి డబ్బు వస్తుంది. పేరే మార్చుకోనివారు పాలసీ ఎలా మార్పిస్తారు?

ఆ ఎస్‌యూవీ అంత చౌక ఎందుకో కూడా ఆలోచించాల్సింది. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు తిరగకూడదని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఉంది. 2025లో యజమానులకు కొంత ఊరట దొరికినా భయం పోలేదు, ఆ బళ్ళన్నీ దక్షిణాదికి వస్తున్నాయి. ఇక్కడ ఆ పదేళ్ళ లెక్క లేదు కాబట్టి సక్రమంగా తెచ్చుకుంటే తప్పేమీ కాదు. సక్రమంగా అంటే, అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. వేరే రాష్ట్రం బండి 12 నెలలు దాటి ఇక్కడ ఉంటే నంబరు మార్చుకోవాల్సిందే, అది సెక్షన్ 47. ఆ ట్యాక్స్ ఎంతవుతుందో ఆర్‌టీఏలో లెక్క వేయించి 5.60కి కలిపి చూడండి, క్రెటాకూ దీనికీ మధ్య రెండు లక్షల తేడా ఎంత కరిగిపోతుందో మీకే తెలుస్తుంది.

మీటరు సంగతి. ఆ 68 వేలు నిజమో కాదో కొనకముందే కనుక్కోండి, కొన్నాక కాదు. ఎందుకంటే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లో ఒక మెలిక ఉంది. అవతలివారు నిజం దాచిపెట్టినా, మామూలు జాగ్రత్తతో మీరు తెలుసుకోగలిగి ఉండీ తెలుసుకోకపోతే కాంట్రాక్టు రద్దు చేయమని అడగలేరు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. కంపెనీ సర్వీస్ సెంటరులో నంబరు చెబితే సర్వీసు చరిత్ర చాలాసార్లు దొరుకుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి, 2316 అంటే 2016లో 23వ వారం తయారీ. అరవై ఎనిమిది వేలు తిరిగిన బండికి బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉండదు. డ్రైవరు సీటు బెల్టు చివరిదాకా లాగండి, అడుగున బురద గీత కనపడితే అది నీళ్ళలో మునిగిన బండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లు ఎన్నో ఉన్నాయి, ఖమ్మం అక్కడికి దూరమేమీ కాదు, కాబట్టి క్రెటాకు కూడా ఈ బెల్టు పరీక్ష చేయండి. మొహమాటపడకండి.

మీ 2.10 లక్షలు రాబట్టుకోవడానికి మార్గం ఉంది. 15 రోజుల గడువుతో లాయర్ నోటీసు ఇప్పించండి: ఎస్‌యూవీ కాగితాలతో సహా నా పేరు మీదకు బదిలీ చేయండి, లేదా అడ్వాన్సు, స్విఫ్ట్ విలువ తిరిగి ఇవ్వండి, స్విఫ్ట్ ఆర్‌సీ మార్పించండి అని. కదలకపోతే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, హైదరాబాద్ వెళ్ళక్కర్లేదు, 2019 చట్టం మీరు నివసించే చోటే వేసుకునే హక్కు ఇచ్చింది. ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి కమిషన్‌కు ఫీజు లేదు. గడువు రెండేళ్ళు, సెక్షన్ 69. "ఇవాళ, రేపు" అంటూ వాళ్ళు జరిపే ప్రతి నెలా ఆ రెండేళ్ళ లోంచే పోతుంది. చీటింగ్ కేసు పెట్టనా అని అడిగారు. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 318 ఉంది, కానీ మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. మాట తప్పడం ఒక్కటే అయితే ఎస్‌ఐగారు సివిల్ అని పంపేస్తారు. నోటీసు తర్వాత స్విఫ్ట్ ఎక్కడుందో కూడా చెప్పకపోతే అప్పుడు ఫిర్యాదు ఇవ్వండి, చలాన్లు జత చేసి.

ఒక సంగతి మర్చిపోకండి. క్రెటా అమ్మేది వ్యాపారి కాదు, ఒక మామూలు మనిషి. రేపు తేడా వస్తే వినియోగదారుల కమిషన్ ఉండదు, సివిల్ కోర్టే. అందుకే డబ్బు బ్యాంకు ద్వారా పంపండి, అగ్రిమెంటులో కిలోమీటర్లు, యాక్సిడెంట్ చరిత్ర, చలాన్ల బాకీ ఆయన చేతే రాయించండి, అప్పగించిన తేదీతో పాటు టైము కూడా వేయించండి, ఫారం 29, 30 ఇద్దరూ కలిసి వెళ్ళి పెట్టండి. ఏది కొనాలని అడిగారు కాబట్టి చెబుతున్నా, కాగితాలు చూస్తే క్రెటా. మోకాళ్ళకు ఎత్తు బండి మంచిదని అందరూ అంటారు, మరీ ఎత్తయితే ఎక్కడం ఇంకా కష్టం. నాన్నగారిని తీసుకెళ్ళి రెండింటిలోనూ ఎక్కించి దించి చూడండి, ఆ తీర్పు ఆయనది.

స్విఫ్ట్‌కు నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ చేయని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంటే అది కారుది కాదు, మీది. ఆర్‌సీ మారినట్టు కాగితం రాగానే ఇన్సూరెన్స్ కంపెనీని ఎన్‌సీబీ లెటరు అడగండి, కొత్త బండి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గొచ్చు. పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే ఆ బోనస్ పోతుంది, కాబట్టి నోటీసు ఈ వారమే పంపించండి.